తంగేడును తవ్వి తేకండి, గింజ వేయండి

ప్రశ్న: మాది బోడుప్పల్. బతుకమ్మకు తంగేడు పువ్వు ఏటేటా పిరమవుతోంది. ఇంట్లోనే పెంచుదామని ఘట్‌కేసర్ వైపు రోడ్డు పక్కన చిన్న మొక్కను వేళ్లతో తవ్వి తెచ్చి నాటాం. రోజూ నీళ్లు పోసినా వారం తిరక్కముందే ఎండిపోయింది. తంగేడు ఇళ్లల్లో బతకదా?
— ఒక పాఠకురాలు

జవాబు: ఎందుకు బతకదమ్మా! మన మొరం నేల, మన ఎండ దానికి పుట్టిల్లు. తవ్వి తెస్తేనే కష్టం. తంగేడు మొలకగా ఉన్నప్పుడే తల్లివేరును లోతుకు దింపుతుంది. జానెడు మొక్కను తవ్వినా ఆ వేరు తెగుతుంది. తెగిన వేరుకు రోజూ నీళ్లు పోస్తే కుళ్లిపోతుంది.

గింజ వేయండి. కాయలు గోధుమ రంగుకు తిరిగి గలగలమన్నప్పుడు నాలుగు తెంపి దాచుకోండి. గింజ పెంకు గట్టిది, నీళ్లను లోపలికి రానివ్వదు. మరిగిన నీళ్లు దించి, కాస్త చల్లారాక అందులో వేసి రాత్రంతా ఉంచండి. పొద్దున్నకు ఉబ్బినవే విత్తండి. ఉబ్బనివాటిని గరుకు కాగితం మీద రుద్ది మళ్లీ నానబెట్టండి. జూన్‌లో వానలు పడ్డాక, మొక్క ఎక్కడ ఉండాలనుకుంటారో సరిగ్గా అక్కడే, అరంగుళం లోతున మూడు గింజలు. తర్వాత బలమైన మొక్కను ఉంచి మిగతావి కత్తెరతో కత్తిరించండి, పీకితే పక్కదాని వేరు కదులుతుంది. రోజంతా ఎండ తగలాలి. నీళ్లు నిలవకూడదు. ఎరువు జోలికి పోకండి. మొదటి ఏడాదే పూలకు ఆశపడొద్దు.

నర్సరీలో కొంటే ఆకు కాడ మొదట్లో చూడండి. తంగేడుకు అక్కడ చెవి ఆకారంలో రెండు చిట్టి ఆకులుంటాయి. పచ్చగా పూసేదల్లా తంగేడు కాదు.

ఆకుపచ్చ పురుగులు ఆకులు తింటే మందు కొట్టకండి, దయచేసి. అవి సీతాకోకచిలుకల పిల్లలు. ఆకు మళ్లీ వస్తుంది. పూసిన రోజుల్లో పొద్దున్నే పొద దగ్గర నిలబడండి. నల్ల తుమ్మెద పువ్వును పట్టుకుని జుమ్మని ఒళ్లు అదిరిస్తే పుప్పొడి రాలుతుంది. ఇందులో తేనె ఉండదు, తుమ్మెద వచ్చేది ఆ పుప్పొడికే.

2014లో దీన్ని తెలంగాణ రాష్ట్ర పుష్పం చేసుకున్నాం. కానీ ఊరి చుట్టూ వెంచర్ పడ్డచోటల్లా జేసీబీ ముందు పెకిలించేది తంగేడు పొదనే. నాకు చాలా బాధగా ఉంటుంది. రోడ్డు పక్కన మిగిలినవాటిని అక్కడే ఉండనివ్వండి.

ఎంగిలిపూల బతుకమ్మ నాటికి కోసేటప్పుడు కొమ్మ విరవకుండా చివర్లు కత్తిరించండి, అక్కడినుంచే కొత్త రెమ్మలు వేస్తుంది. రెండు మూడు గుత్తులు కాయలకు వదలండి. పక్కింటివాళ్లూ గింజలు అడుగుతారు.