ఇటాలియన్ ఈగలని చెప్పి అమ్మారు, నమ్మొచ్చా?

ప్రశ్న: కొబ్బరితోటలో పెడదామని ఇటాలియన్ ఈగల పెట్టెలు కొన్నానండి. తీరా చూస్తే ఈగలు చిన్నగా, నల్లగా ఉన్నాయి. పుట్ట తేనెటీగల్ని అంటగట్టారని మా బావమరిది గొడవ. రెక్కల్లో ఈనెలు కొలిస్తే జాతి తెలుస్తుందట కదా, ఎలాగో చెబుదురూ.
- ఒక రైతు, అంబాజీపేట

జవాబు: మీ అనుమానం తీరడానికి కొలతలు కూడా అక్కర్లేదండి, వెనక రెక్క చూస్తే చాలు. పెట్టె ముందు చచ్చిపడిన కూలీ ఈగల్ని నాలుగైదు ఏరండి. బొద్దుగా ఉండి, పెద్ద కళ్లు రెండూ నడినెత్తిన కలిసిపోయి ఉంటే అది పోతుటీగ, పక్కన పడేయండి. ముందు రెక్కా వెనక రెక్కా సన్నటి కొక్కేలతో తగులుకుని ఉంటాయి కాబట్టి గుండుసూదితో నెమ్మదిగా విడదీసి, చిన్న రెక్కని సెల్లోటేపు కింద అంటించి వెలుతురుకు ఎదురుగా పట్టుకుని భూతద్దంతో చూడండి. రెక్క మొదలు నుంచి చివరి వైపు నడిమి ఈనె ఒకటి సాగుతుంది, దానికి పై ఈనె నుంచి ఓ అడ్డ ఈనె వచ్చి కలుస్తుంది. ఆ కలిసిన చోటు దాటాక కూడా నడిమి ఈనె కాస్త తోకలా ముందుకు వెళ్తే అది సెరానా, అంటే మన పుట్ట తేనెటీగ. అక్కడితో ఆగిపోతే మెల్లిఫెరా, అంటే ఇటాలియన్ ఈగల జాతి, మీరు డబ్బులిచ్చింది దానికే. ఆ తోక కొండ ఈగకీ విసనకర్ర ఈగకీ కూడా ఉంటుంది గానీ అవి పెట్టెల్లో కాపురం చేసే రకాలు కావు.

రెక్క పీకే ఓపిక లేకపోతే ఎండ వేళ పెట్టె గుమ్మం దగ్గర కూర్చోండి. గాలి విసిరే ఈగలు తల లోపలికి పెడితే మెల్లిఫెరా, తల బయటికి పెడితే సెరానా. రంగు చూసి మాత్రం తీర్పు చెప్పకండి, మెల్లిఫెరాలోనూ నల్ల రకాలున్నాయి. మీ బావమరిదికీ ఇదే చెప్పండి.

ప్రశ్న: డిగ్రీ ప్రాజెక్టు కోసం ఒక ఈగ రెక్కకి క్యూబిటల్ ఇండెక్స్ లెక్కేస్తే 2.6 వచ్చింది. కార్నియోలన్ అని రాసేయనా?
- ఒక విద్యార్థిని, కడియం

జవాబు: అప్పుడే రాయకండి. కార్నియోలన్ కూడా ఇటాలియన్ లాగే మెల్లిఫెరాలో ఒక రకం. ముందు రెక్క మధ్యలోని ఒక గడి అడుగు అంచుని కింద నుంచి వచ్చే ఈనె రెండు ముక్కలు చేస్తుంది కదా, పొడుగు ముక్కని పొట్టి ముక్కతో భాగిస్తే వచ్చేదే ఈ ఇండెక్స్. సగటున ఇటాలియన్‌కి 2.3 దగ్గర, కార్నియోలన్‌కి 2.7 దగ్గర, ఉత్తర ఐరోపా నల్ల ఈగకి 1.7 దగ్గర ఉంటుంది. కానీ అవి సగటులు! రాణి ఈగ పదికి పైగా పోతుటీగలతో కలుస్తుంది, అంటే ఒకే పెట్టెలోని కూలీలకి తండ్రులు వేరు, కాబట్టి అంకెలు అటూ ఇటూ చెదిరిపోతాయి. పెట్టెకి కనీసం 30 ఈగలు తీసుకుని, అన్నిటికీ ఒకే వైపు రెక్క కొలిచి, సగటుతో పాటు ఆ చెదురూ చూపించండి.

ఇంకో తలనొప్పి ఆ పొట్టి ముక్కే. దాని పొడవు మిల్లీమీటరులో పావు వంతుకి అటూ ఇటూ, అక్కడ గుర్తు కొంచెం జరిగినా ఇండెక్స్ ఎగిరి పడుతుంది. ఇది నిష్పత్తి కాబట్టి ఫొటోలో స్కేలు అక్కర్లేదు, రెక్క మాత్రం బల్లపరుపుగా ఉండాలి. సెల్‌ఫోన్ వంచి తీస్తే మొత్తం వృథా. అసలు ఒక్క అంకెతో జాతుల్ని తేల్చే పద్ధతి చాలామంది వదిలేశారు, ఇప్పుడు ముందు రెక్క మీద ఈనెలు కలిసే 19 చోట్ల గుర్తులు పెట్టి మొత్తం ఆకారాన్నే పోలుస్తున్నారు. అప్పుడైనా వచ్చే జవాబు 'ఫలానా దానికి దగ్గరగా ఉంది' అనే, రిపోర్టులో ఆ మాటే రాయండి.

ప్రశ్న: మా ఊరి వాటర్ ట్యాంకు కింద పెద్ద పట్టు పెట్టింది. రెక్క తెచ్చి కొలిస్తే ఏ రకమో తెలుస్తుందా?
- ఒక పాఠకుడు, రాజోలు

జవాబు: దాని జోలికి వెళ్లకండి మహానుభావా! ఎత్తున, ఆరుబయట, ఒకే పెద్ద పట్టు అంటే కొండ ఈగే. దాని ముందు రెక్క 12 మిల్లీమీటర్లు దాటుతుంది, మెల్లిఫెరాది 9 దగ్గర, సెరానాది మన దక్షిణాన 8 లోపే. ట్యాంకు కడగాల్సి వస్తే పట్టు తీసే అలవాటున్న వాళ్లని పిలవండి, కింద పొగ మాత్రం మీరు పెట్టకండి.