గర్భిణికి షుగర్ ఉంటే చోడి (రాగి) అంబలి ఎంతైనా తాగవచ్చా?

తాగవచ్చు గానీ కొలతగా మాత్రమే, ఎందుకంటే చోళ్లలో పీచు ఎక్కువే అయినా మూడింట రెండు వంతులు పిండిపదార్థమే ఉంటుంది. గర్భం పెరిగేకొద్దీ మాయ నుంచి వచ్చే హార్మోన్లు ఇన్సులిన్ పనికి అడ్డుపడతాయి. అప్పుడు ఆహారంలోని పీచు జీర్ణక్రియను నెమ్మదింపజేసి, చక్కెర ఒక్కసారిగా రక్తంలో చేరకుండా చూస్తుంది. అరగకుండా పెద్దపేగుకు చేరిన పీచులో కొంత భాగాన్ని అక్కడి బ్యాక్టీరియా పులియబెట్టగా పుట్టే కొవ్వు ఆమ్లాలు పేగు గోడకు పోషణనిస్తాయి. చాలినన్ని నీళ్లు తాగితే మలబద్ధకమూ తగ్గుతుంది.

శ్రీకాకుళం, విజయనగరం ఇళ్లలో మధ్యాహ్నం పళ్లెం నిండా పెట్టుకునే తెల్లన్నాన్ని సగానికి తగ్గించి, ఆ చోటును ఉడికించిన ఉలవలతోనూ తోటకూరతోనూ నింపడం భోజనంలో పీచు పెంచుకోవడానికి మంచి ఉదాహరణ.

100 గ్రాముల చోళ్లలో సుమారు 11 గ్రాముల పీచు ఉండగా, తెల్లబియ్యంలో 3 గ్రాములకు మించదు. ఈ తేడా చూసే అంబలి షుగర్‌ను పెంచదని చాలామంది అపోహపడతారు. నిజానికి పిండిని మెత్తగా ఆడించి, జల్లించి, పలుచగా కాస్తే అది త్వరగా అరిగిపోతుంది (బెల్లం వేస్తే ఇక చెప్పనక్కరలేదు). డాక్టరు రాసిన ఇన్సులిన్‌కు గానీ మాత్రలకు గానీ పీచు ప్రత్యామ్నాయం కాదు.