‘ఇస్తున్నాను’ అని రాయాలా, ‘చెందవలెను’ అని రాయాలా?

ప్రశ్న: మా నాన్నగారికి 78 ఏళ్లు. పెరంబూరులో ఆయన స్వార్జితంతో కట్టిన ఇల్లు ఉంది. దానికి వీలునామా రాయించబోతే వకీలుగారు ఇంగ్లీషులో ఇచ్చిన ముసాయిదాలో ‘గివ్, డివైజ్ అండ్ బిక్వీత్’ అని ఉంది. ఈ మూడింటికీ తేడా ఏమిటని నాన్నగారు అడిగితే ఇంట్లో ఎవరమూ చెప్పలేకపోయాము. ఆయన తన చేత్తో తెలుగులో రాసుకున్న చిత్తు ఇది: ‘ఈ ఇంటిని నా భార్యకు సర్వహక్కులతో ఇస్తున్నాను. ఆమె తదనంతరం నా పిల్లలు సమానంగా అనుభవించవలెను. అబ్బాయి తల్లిని బాగా చూసుకోవలెను.’ తెలుగులో రాస్తే చెల్లుతుందా? ఏ మాటలు వాడాలి?
– ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: అమ్మా, ముందు ఆ మూడు మాటల సంగతి చూద్దాం. ఇంగ్లండు వకీళ్ల పాత వాడుకలో స్థిరాస్తికి డివైజ్, చరాస్తికి బిక్వీత్. ఎందుకైనా మంచిదని ముందు గివ్ చేర్చేవారు. మనకు ఆ అవసరం లేదు. వీలునామాలో పారిభాషిక పదాలు ఉండనక్కరలేదని, రాసినవారి ఉద్దేశం తెలిస్తే చాలునని 1925 నాటి భారత వారసత్వ చట్టం 74వ సెక్షన్ చెబుతోంది. అసలు వీలునామా అన్న మాటే ఇంగ్లీషు ‘విల్’కు పారసీ ‘నామా’ తగిలించి మనవాళ్లు చేసుకున్నది. దస్తావేజుల్లో కనబడే ‘పుత్ర పౌత్ర పారంపర్యంగా’ అన్నదీ అలంకారమే; పరిమితి ఏదీ పెట్టకుండా ఇస్తే పూర్తి హక్కే ఇచ్చినట్టని అదే చట్టం 95వ సెక్షన్ అంటోంది.

చిక్కంతా నాన్నగారి చిత్తులోనే ఉంది. ‘ఇస్తున్నాను’ అంటే ఇప్పుడే ఇచ్చేస్తున్నట్టు వినిపిస్తుంది. పైన ఏ పేరు పెట్టినా, నేటి నుంచే హక్కు మారే పత్రం సెటిల్‌మెంట్ అవుతుంది కాని వీలునామా కాదు. ‘నా మరణానంతరం చెందవలెను’ అంటే ఆ అనుమానం రాదు. అంతకంటే పెద్ద చిక్కు ‘సర్వహక్కులతో’ అన్న మాట. అమ్మగారికి సర్వహక్కులూ ఇచ్చాక ఆమె ఆ ఇంటిని అమ్ముకోవచ్చు, తన ఇష్టం వచ్చినవారికి రాసుకోవచ్చు. అటువంటప్పుడు ‘ఆమె తదనంతరం పిల్లలకు’ అన్న రెండో వాక్యం మొదటిదానితో పోట్లాడుతుంది, ఆ పోట్లాట చివరికి కోర్టుకు చేరుతుంది. ‘అనుభవించవలెను’ అంటే సొంతమా, ఉండే హక్కు మాత్రమేనా? ‘పిల్లలు’ అన్నచోట అబ్బాయి పేరు, మీ పేరు విడివిడిగా రాయించండి. ‘బాగా చూసుకోవలెను’ అన్నది తండ్రి కోరికా, షరతా తేలదు. షరతు అయితే తప్పినప్పుడు ఏమవుతుందో రాయాలి, కోరిక అయితే ఆ మాట అబ్బాయికి నోటితో చెప్పడమే మేలని నా అభిప్రాయం.

మీ నాన్నగారి మనసులో ఉన్నది నేననుకున్నదే అయితే ఇలా రాయవచ్చు: ‘నా మరణానంతరం ఈ ఇల్లు నా భార్యకు ఆమె జీవితకాలం అనుభవించే హక్కుతో మాత్రమే చెందవలెను, అమ్మే, తాకట్టు పెట్టే అధికారం ఆమెకు ఉండదు. ఆమె మరణానంతరం నా కుమారుడు ఫలానా, నా కుమార్తె ఫలానా చెరిసగం సంపూర్ణ హక్కులతో పొందవలెను.’ అయితే ఒక్క విషయం వకీలుగారిని అడగండి. హిందూ స్త్రీకి పోషణ హక్కు కింద ఇచ్చిన పరిమిత హక్కు (జీవితకాలం అనుభవించడం వంటిది), 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ వల్ల సంపూర్ణ హక్కుగా మారుతుందని తులసమ్మ, శేషారెడ్డి కేసులో 1977లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. వీలునామాల్లో అది ఎంతవరకు వర్తిస్తుందన్నదాని మీద వాదాలు తెగలేదు.

తెలుగులో రాస్తే నిక్షేపంగా చెల్లుతుంది. ఇంగ్లీషు రాని మనిషి తనకు తెలిసిన భాషలో రాయడమే మంచిది. వీలునామాకు రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. చేయించదలిస్తే, రిజిస్ట్రారుకు తెలియని, ఆ జిల్లాలో వాడుకలో లేని భాషలో పత్రం ఉన్నప్పుడు స్థానిక భాషలో అనువాదం, అసలు పత్రానికి నకలు జతచేయాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెబుతోంది కనుక, తమిళ అనువాదం వెంట తీసుకువెళ్లండి.

ఈలోగా ఆ చిత్తు మీద నాన్నగారిని సంతకం పెట్టనివ్వకండి. ఆయన సంతకాన్ని చూసిన ఇద్దరు ఆయన ఎదుట సాక్షి సంతకాలు చేశారంటే, స్టాంపు కాగితం లేకున్నా ఆ చిత్తే వీలునామా అయి కూర్చుంటుంది.