అమెరికా కాలేజీలో అమ్మాయిలు సొంతంగా సొరోరిటీ పెట్టుకోవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: మీరు హైదరాబాద్‌లో ఉంటారు. మీ అమ్మాయి ఎఫ్-1 వీసా మీద అమెరికాలో డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. స్నేహితురాళ్ళతో కలిసి క్యాంపస్‌లో కొత్తగా ఒక సొరోరిటీ, అంటే అమ్మాయిలకే సభ్యత్వం ఉండే విద్యార్థినుల సంఘం, పెడతానంటోంది. ఏ పెద్ద సంస్థకీ శాఖ కాదట, లోకల్ అట. అసలది ఏమిటి, ఎలా పెడతారు, ఎంతవుతుంది, చదువు పాడవదా అని అడిగారు.

పెట్టుకోవచ్చు. పెట్టడం అంత కష్టమూ కాదు. పెట్టినవాళ్ళు పట్టా పుచ్చుకుని వెళ్ళిపోయాక అది నిలబడటమే కష్టం. నేను చదివిన స్టేట్ యూనివర్సిటీలో ఇలాంటిదే మొదలుపెట్టిన అమ్మాయిల్లో నేనొకదాన్ని. లెక్కలు, బ్యాంకు పని నా నెత్తిన పడ్డాయి. అందుకని కింద కాగితాల గోల కాస్త ఎక్కువే ఉంటుంది, ఓర్చుకోండి.

ముందు మీ భయం సంగతి. సొరోరిటీ అనగానే సినిమాల్లో చూపించే తెల్ల స్తంభాల బంగళా, అర్ధరాత్రి పార్టీలు గుర్తొస్తాయి. అలాంటివి లేవని అనను. కానీ లోకల్‌గా మొదలయ్యే చిన్న బృందానికి బంగళా ఉండదు, అంత డబ్బూ ఉండదు. యూనివర్సిటీ భవనంలో ఓ గది బుక్ చేసుకుని వారానికో మీటింగు. గ్రీకు అక్షరాలతో ఒక పేరు. ప్రతి సెమిస్టర్ కొత్తవాళ్ళని ఎంచుకోవడం, ఒక్కో కొత్త అమ్మాయికి ఒక సీనియర్‌ని ‘బిగ్’గా అప్పగించడం. ఏదో ఒక సేవా కార్యక్రమం, దాని కోసం సమోసాలో డోనట్‌లో అమ్మి డబ్బు పోగుచేయడం. బయటివాళ్ళకి చెప్పని ఒక చిన్న దీక్షా కార్యక్రమం. సభ్యత్వం మటుకు జీవితాంతం ఉంటుంది, క్లబ్బుకీ దీనికీ పెద్ద తేడా అదే. మా వాళ్ళలో కొందరితో నేను ఇప్పటికీ వారం వారం మాట్లాడతాను. ఇండియన్ స్టూడెంట్స్ అసోసియేషన్‌లో దీపావళి ప్రోగ్రాంకి కలిసి పనిచేసినవాళ్ళ పేర్లు కూడా చాలామటుకు మర్చిపోయాను.

లోకల్ అన్న మాట విని చిన్నచూపు చూడకండి. ఇప్పుడు దేశమంతా శాఖలున్నవన్నీ ఒకప్పుడు లోకల్‌వే. 1851లో జార్జియా రాష్ట్రం మేకన్ ఊళ్ళో, వెస్లియన్ ఫిమేల్ కాలేజీ అమ్మాయిలు పెట్టుకున్న అడెల్ఫియన్ సొసైటీయే ఇవాళ్టి ఆల్ఫా డెల్టా పై. నల్లజాతి విద్యార్థినులు వాషింగ్టన్‌లోని హోవర్డ్ యూనివర్సిటీలో 1908లో ఆల్ఫా కప్పా ఆల్ఫా పెట్టుకున్నారు. కమలా హారిస్ అందులో సభ్యురాలే. ఐదేళ్ళకి, 1913లో, అందులోంచే 22 మంది బయటికొచ్చి డెల్టా సిగ్మా థీటా పెట్టారు. ఇక మన దక్షిణాసియా అమ్మాయిల సంగతికొస్తే, ఒక్క 1998లోనే మూడు పుట్టాయి: ఆస్టిన్‌లో కప్పా ఫై గామా, హ్యూస్టన్‌లో డెల్టా ఫై ఒమేగా, న్యూయార్క్ సెయింట్ జాన్స్‌లో సిగ్మా సిగ్మా రో. ఇప్పుడు వాటికి బోలెడు క్యాంపస్‌లలో శాఖలున్నాయి. దీనికి ఎదురు దారి కూడా ఉంది. డార్ట్‌మత్‌లో సిగ్మా కప్పా శాఖగా 1977లో మొదలైన బృందం, జాతీయ సంస్థ పద్ధతులు పొసగక 1988లో విడిపోయి సిగ్మా డెల్టా అనే లోకల్‌గా మారింది.

అందుకే మీ అమ్మాయిని నేను మొదట అడిగేది: ఉన్నవాటిలో ఒకదాన్ని ఎందుకు తెచ్చుకోకూడదు? జాతీయ సంస్థకి ఉత్తరం రాసి, ఆసక్తి ఉన్నవాళ్ళ బృందంగా మొదలై, కొన్నాళ్ళకి శాఖ హోదా తెచ్చుకునే దారి ఉంది. ఆ దారిలో ఇన్సూరెన్సు, నియమావళి, శిక్షణ, పేరు అన్నీ తయారుగా దొరుకుతాయి. బదులుగా తల ఒక్కింటికి వాళ్ళకి ఫీజు కట్టాలి, వాళ్ళ మాట వినాలి. లోకల్ అయితే ఫీజు తక్కువ, స్వేచ్ఛ ఎక్కువ. ఏదైనా తేడా వస్తే మాత్రం ఫోన్ చేయడానికి హెడ్డాఫీసు ఉండదు. మేం లోకల్ ఎంచుకోవడానికి కారణం డబ్బు. మాలో సగం మంది క్యాంపస్‌లో పార్ట్‌టైం పని చేసుకుంటూ చదివేవాళ్ళం. “ఆ సంస్థలో నన్ను తీసుకోలేదు కాబట్టి నాదే నేను పెట్టుకుంటా” అనేది కారణమైతే వద్దని చెప్పండి. ఆ కోపం ఒక సెమిస్టర్ కంటే నిలవదు.

ఇక పని. మొదటి మెట్టు యూనివర్సిటీలో ఫ్రెటర్నిటీ (అబ్బాయిల సంఘం), సొరోరిటీ వ్యవహారాలు చూసే ఆఫీసు. టీషర్టులు వేయించుకోకముందే, ఇన్‌స్టాగ్రామ్ పేజీ తెరవకముందే అక్కడికి వెళ్ళాలి. కొన్ని క్యాంపస్‌లు కొత్త సంస్థల్ని కొన్నేళ్ళపాటు తీసుకోవడం ఆపేస్తాయి. ఆ సంగతి ముందే తెలిస్తే చాలా శ్రమ తప్పుతుంది. ఏ కౌన్సిల్ (ఇలాంటి సంస్థల ఉమ్మడి మండలి) కిందికి వస్తారన్నదీ అక్కడే తేలుతుంది. 26 జాతీయ సొరోరిటీల సమాఖ్య తరఫున క్యాంపస్‌లో ఉండే ప్యాన్‌హెలెనిక్ కౌన్సిల్ ఒకటి, నల్లజాతి సంస్థలది ఒకటి, మనలాంటివాళ్ళు సాధారణంగా చేరే మల్టీకల్చరల్ కౌన్సిల్ ఒకటి. అన్ని చోట్లా అన్నీ ఉండవు. వాళ్ళు అడిగేవి దాదాపు ఒకేలా ఉంటాయి: లిఖిత నియమావళి, కనీస సభ్యుల సంఖ్య, కనీస జీపీఏ, యూనివర్సిటీ ఉద్యోగి ఎవరైనా ఒక అడ్వైజర్, హేజింగ్ (ర్యాగింగ్) చేయబోమని సంతకాలు. అడ్వైజర్‌గా పెద్ద పేరున్న ప్రొఫెసర్ కోసం తిరగొద్దని చెప్పండి. ఆయన సంతకం పెట్టి మాయమవుతారు. మాకు దొరికినావిడ రెసిడెన్స్ హాల్స్ ఆఫీసులో పనిచేసేవారు. ఏ ఫారం ఏ బల్ల మీద ఆగిపోయిందో ఆవిడకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

అమ్మాయిలకే సభ్యత్వం అన్న నియమం దగ్గర ఒక చట్టపు మెలిక ఉంది. చాలామంది పట్టించుకోరు. కేంద్ర ప్రభుత్వ సాయం తీసుకునే కాలేజీల్లో ఆడా మగా తేడా చూపకూడదని 1972 నాటి టైటిల్ నైన్ చట్టం. సోషల్ ఫ్రెటర్నిటీలకీ సొరోరిటీలకీ సభ్యత్వం విషయంలో 1974లో మినహాయింపు ఇచ్చారు. అది వర్తించాలంటే సంస్థకి ఆదాయపన్ను చట్టం 501(ఎ) కింద పన్ను మినహాయింపు ఉండాలి, సభ్యుల్లో ఎక్కువమంది కాలేజీ విద్యార్థులై ఉండాలి. బిజినెస్, ఇంజినీరింగ్ లాంటి వృత్తి సంబంధమైన ఫ్రెటర్నిటీలకి ఇది వర్తించదు, వాళ్ళు అందర్నీ తీసుకోవాలి. అలాగే “తెలుగు అమ్మాయిలకే”, “ఇండియన్లకే” అని రాసుకోవడం కుదరదు. దక్షిణాసియా సంస్కృతి మీద ఆసక్తి అని చెప్పుకోవచ్చు, తలుపు మాత్రం అందరికీ తెరవాలి. మా రెండో బ్యాచ్‌లో అందరికంటే బాగా పనిచేసిన అమ్మాయి మెక్సికన్ కుటుంబం నుంచి వచ్చింది.

పన్ను మినహాయింపు అంటే కంగారు పడక్కర్లేదు. సొరోరిటీలు సాధారణంగా 501(సి)(7), అంటే సోషల్ క్లబ్ కోవలోకి వస్తాయి. అమెరికా ఆదాయపన్ను శాఖ ఐఆర్ఎస్ వెబ్‌సైట్‌లో ఈఐఎన్ నంబరు, అంటే సంస్థకి పన్ను గుర్తింపు నంబరు, ఉచితంగా ఇస్తారు. డబ్బులడిగే ప్రైవేటు సైట్లు ముందు కనిపిస్తాయి, వాటిలో పడొద్దు. ఆన్‌లైన్‌లో తీసుకోవాలంటే బాధ్యురాలిగా ఒకరి సోషల్ సెక్యూరిటీ నంబరో ఐటిన్ (వ్యక్తిగత పన్ను గుర్తింపు) నంబరో ఇవ్వాలి. మీ అమ్మాయికి ఇంకా అది లేకపోతే బృందంలో ఉన్న ఇంకొకరు ముందుకు రావాలి. ఆ నంబరుతో సంస్థ పేరు మీద బ్యాంకు ఖాతా తెరవాలి, ఇద్దరు సంతకాలు పెడితేనే డబ్బు కదిలేలా. ఎవరో ఒకరి వెన్మో (ఫోన్లో డబ్బు పంపుకునే యాప్) ఖాతాలో డ్యూస్, అంటే సభ్యత్వ రుసుములు, పోగేశారా, స్నేహాలు చెడటానికి అంతకంటే దగ్గరి దారి లేదు.

ఏటా చేయాల్సినది ఒకటుంది: వసూళ్ళు మామూలుగా 50,000 డాలర్లు దాటని సంస్థలు ఫారం 990-ఎన్ అనే చిన్న ఎలక్ట్రానిక్ కార్డు దాఖలు చేయాలి. నిమిషాల పని. వరసగా మూడేళ్ళు మరిచిపోతే మినహాయింపు దానంతటదే రద్దవుతుంది. లోకల్ సంస్థలు చతికిలపడేది ఇక్కడే, ఎందుకంటే ఆ కార్డు సంగతి తెలిసిన ట్రెజరర్ అప్పటికే డాలస్‌లోనో సియాటిల్‌లోనో ఉద్యోగంలో ఉంటుంది. బాధ్యురాలు మారితే 60 రోజుల్లోపు ఆ సంగతి ఐఆర్ఎస్‌కి తెలిపే ఫారం 8822-బి పంపాలి కూడా. నేను దిగిపోయేటప్పుడు ఇవన్నీ పాస్‌వర్డులతో సహా ఒక ఫైల్లో పెట్టి, నా తర్వాతి అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని ఆ ఏడు కార్డు ఆమె చేతే వేయించాను.

హేజింగ్ గురించి మీరు అడగలేదు గానీ నేను చెప్పి తీరాలి. మన ర్యాగింగే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే దాని మీద చట్టం వచ్చింది, మీకు గుర్తుండే ఉంటుంది. ఇక్కడ 2017లో పెన్ స్టేట్‌లో టిమొథీ పియాజా అనే కుర్రాడు ఫ్రెటర్నిటీ ఇంట్లో విపరీతంగా తాగించాక పడిపోయి చనిపోయాడు. ఆ మరుసటేడు పెన్సిల్వేనియా చట్టాన్ని కఠినం చేసింది. 2024 డిసెంబరులో దేశమంతటికీ స్టాప్ క్యాంపస్ హేజింగ్ చట్టం వచ్చింది. కొత్తమ్మాయి ఇష్టపడే చేసింది అన్న సాకు ఆ నిర్వచనంలో చెల్లదు. యూనివర్సిటీ గుర్తింపు లేని బృందాలకీ అది వర్తిస్తుంది.

“మేం అందరం మంచివాళ్ళం, మాకెందుకు ఇదంతా?” అని మీ అమ్మాయి అంటుంది. మేమూ అన్నాం. చిక్కెక్కడొస్తుందంటే, కొత్త సంస్థకి సంప్రదాయాలంటూ ఉండవు. పాత సంస్థల ముందు చిన్నబోతున్నామనిపించి, ఏదో ఒకటి కల్పించాలన్న ఉబలాటం మొదలవుతుంది. కొత్తవాళ్ళని నిద్ర పోనివ్వకపోవడం, ఫోన్లు తీసేసుకోవడం, వరసలో నిలబెట్టి చరిత్ర అప్పజెప్పించడం, ఇవన్నీ “బంధం పెరగడానికి” అంటూ వస్తాయి. మాలో ఒక వ్యవస్థాపకురాలు అచ్చం అలాంటి ప్రతిపాదనే తెచ్చింది. అడ్వైజర్ గారు ఒకటే అడిగారు: “ఇది మీ అమ్మగారి ముందు చేయగలరా?” దాంతో అది ఆగింది. కొత్తవాళ్ళ శిక్షణ ప్రణాళిక మొత్తం కాగితం మీద పెట్టి ఆఫీసుకి ముందే ఇవ్వడం మంచిది. అలాగే నల్లజాతి సొరోరిటీల స్టెప్పింగ్ (అడుగులతో, చప్పట్లతో లయ కట్టే నృత్యం), చేతి సంజ్ఞలు, పిలుపులు చూసి ముచ్చటపడి కాపీ కొట్టొద్దు. అవి వాళ్ళ చరిత్రలోంచి వచ్చాయి. మనకి కోలాటం ఉంది, బతుకమ్మ ఉంది, అవి చాలవా?

పేరు విషయంలో ఒక్క మాట. గ్రీకు అక్షరాల కలయికలు చాలావరకు ఎవరో ఒకరు ట్రేడ్‌మార్క్ చేసుకున్నవే. అమెరికా పేటెంట్, ట్రేడ్‌మార్క్ ఆఫీసు సైట్‌లో వెతికి చూశాకే చొక్కాలు కుట్టించుకోవాలి. రంగులు, పువ్వు, నినాదం గురించి రాత్రుళ్ళు కొట్టుకుంటారు, కొట్టుకోనివ్వండి, అది సరదా.

సభ్యుల ఎంపిక మాత్రం సరదా కాదు. వ్యవస్థాపకులందరూ మూడో ఏడు, నాలుగో ఏడు వాళ్ళయితే రెండేళ్ళలో దుకాణం కట్టేస్తారు. మీ అమ్మాయి రెండో ఏడు కావడం అదృష్టం. మొదటి ఏడాది పిల్లల్ని ఇద్దరు ముగ్గుర్నైనా వ్యవస్థాపకుల జాబితాలోనే చేర్చుకోమనండి. ఇంకో జబ్బు ఏమిటంటే, ఈ సంస్థల్లో వ్యవస్థాపకుల్ని దేవతల్లా కొలిచే అలవాటుంది. కొత్త ప్రెసిడెంట్ ఏదైనా మారుద్దామంటే, ఊరు విడిచి వెళ్ళిన వ్యవస్థాపకురాలు అత్తగారిలా ఫోన్లో అడ్డుపడుతుంది. మేం నియమావళిలోనే రాసుకున్నాం: చదువు అయిపోయినవాళ్ళకి ఓటు లేదు. నేను రాయించిన ఆ వాక్యమే తర్వాత నా నోరు కూడా మూయించింది. మంచిదే అయింది.

చదువు, వీసా: ఎఫ్-1 మీద ఉన్నవాళ్ళు సభ్యులుగా, జీతం లేని పదవుల్లో ఉండటానికి వీసా అడ్డు కాదు. డిగ్రీలో సెమిస్టర్‌కి 12 క్రెడిట్లు మాత్రం తగ్గకూడదు. మొదటి ఏడాది వారానికి ఎనిమిది, పది గంటలు తినేస్తుంది, మిడ్‌టర్మ్స్ వారం అని చూడదు. కనీస జీపీఏ కంటే కాస్త ఎక్కువ గీత వాళ్ళనే గీసుకోమనండి. దాని కిందికి జారిన పదవిదారు ఒక సెమిస్టర్ పక్కన కూర్చోవాలి.

ఖర్చు: చొక్కాలు, బ్యానరు, రిజిస్ట్రేషన్, కార్యక్రమాల బీమా. గుర్తింపు వచ్చాక గదులు చాలా చోట్ల ఉచితం, స్టూడెంట్ గవర్నమెంట్ నిధులకీ దరఖాస్తు పెట్టుకోవచ్చు. తాగడానికి కనీస వయసు 21 కాబట్టి మొదటి రెండేళ్ళు మద్యం ఉండే కార్యక్రమాలే పెట్టుకోవద్దని నా సలహా, బీమా ఖర్చూ తలనొప్పీ రెండూ తగ్గుతాయి.

మీరు గట్టిగా కాదనాల్సింది ఒక్కటే. రెండో ఏడాదికల్లా ఎవరో ఒకరు “అందరం కలిసి ఒక ఇల్లు అద్దెకి తీసుకుందాం, అదే మన సొరోరిటీ హౌస్” అంటారు. ఆ లీజులో చాలాసార్లు ప్రతి ఒక్కరూ మొత్తం అద్దెకి బాధ్యులని ఉంటుంది. ఇద్దరు మధ్యలో వెళ్ళిపోతే మిగిలినవాళ్ళ నెత్తిన పడుతుంది. తల్లిదండ్రుల్ని హామీ సంతకం కూడా అడుగుతారు. ఆ సంతకం పెట్టకండి.