అవతలి చివర ఇంజన్ నీరసపడుతోందా, ముందు వైర్లు చూడండి

బ్రదర్, 12 అడుగుల హెచ్‌ఓ సైజు మోడల్ రైలు లేఅవుట్‌కి ఒక్క చోటే కరెంటు ఇచ్చా, అవతలి చివరకెళ్ళేసరికి ఇంజన్ నీరసపడుతోంది అన్నారు కదా, మోటార్ మాత్రం విప్పకండి. పట్టాలు నికెల్ సిల్వర్‌వి అయితే రాగి అంత బాగా కరెంటు మొయ్యవు, పైగా పట్టా ముక్కల్ని కలిపే ప్రతి జాయినర్ దగ్గరా కాస్త కాస్త వోల్టేజ్ పోతుంటుంది. బల్ల కింద ఇంటి వైరింగ్‌కి వాడే 1.5 స్క్వేర్ ఎంఎం వైరు, ఎరుపొకటి నలుపొకటి, చివరిదాకా లాగండి, అదే బస్. దాన్నుంచి ప్రతి 3 అడుగులకీ ఒక జత సన్న వైర్లు (ఫీడర్లు), 0.5 చాలు, జానెడు మించకుండా పట్టా బయటివైపు సోల్డర్ చేసేయండి.

రంగులు మాత్రం మధ్యలో మార్చొద్దు, నేను ఎర్రది అయిపోయిందని పచ్చది కలిపి ఒక ఆదివారమంతా షార్ట్ వెతుక్కున్నా! రైలు దారి మార్చే పాయింట్ మోటార్లవీ లైట్లవీ వేరే కట్టలు, రెండు కొసలకీ పేరు రాసిన టేపు.

మీది డీసీసీ (పట్టాల్లోంచే డిజిటల్ సిగ్నల్ పంపి ఇంజన్లు నడిపే పద్ధతి) అయితే అంతా అయ్యాక అక్కడక్కడా రెండు పట్టాల మీదా రూపాయి బిళ్ళ అడ్డంగా పెట్టి చూడండి, పట్టాలకి కరెంటు ఇచ్చే బూస్టర్ టక్కున ట్రిప్ అవ్వాలి. అవ్వలేదంటే బిళ్ళ వెంటనే తీసేసి అక్కడి ఫీడర్ సోల్డర్ చూసుకోండి.