డిస్క్ పేరు మాత్రం రాయకు

చి. మేనల్లుడికి, మావయ్య ఆశీస్సులు.

మీ కాలేజీ ల్యాబ్‌లో డెబియన్ అనే లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించే సూచనల కాగితం నువ్వు కొత్తగా రాస్తున్నావని మీ అమ్మ చెప్పింది. దాన్ని మొదట రాసింది నేనే కాబట్టి చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

పాత కాగితం ముందేసుకుని మాటలు మారుస్తూ కూర్చోకు. ఖాళీ మిషన్ ఒకటి తీసుకుని, అందులో ఉన్నది ఉన్నట్టు చెయ్యి. లేనిది నీకు తెలిసినా చెయ్యకు. చెయ్యి ఆగిన చోటల్లా గుర్తు పెట్టుకో. ఎక్కించేటప్పుడు రూట్ (మిషన్ మీద పూర్తి హక్కులున్న ఖాతా) పాస్‌వర్డ్ ఖాళీగా వదిలేస్తే మొదటి యూజర్‌కి సుడో, అంటే రూట్ హక్కుతో కమాండ్ నడిపే వీలు, వస్తుంది, ఏదైనా కొడితే రాదు. నాకు తెలిసిందే కదా అని నేనది రాయలేదు. పిల్లలు ఏటా అక్కడే చిక్కుకునేవారు.

వైఫై చిప్ పనిచెయ్యడానికి కావలసిన ఫర్మ్‌వేర్ ఫైళ్లని వేరే పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోమన్న పేరా తీసెయ్. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి అది అధికారిక ఇమేజ్‌లోనే (ఎక్కించడానికి దించుకునే ఫైలు) ఉంటోంది. ఎందుకైనా మంచిదని ఉంచావంటే, చదివేవాడు దానికోసం అరపూట వెతుక్కుంటాడు. 2025 ఆగస్టులో వచ్చిన 13కి 32 బిట్ ఇన్‌స్టాలరే లేదు. మీ ల్యాబ్ మూల పాత 32 బిట్ మిషన్లు ఇంకా ఉన్నాయి కదా, ఆ మాట మొదటి వరుసలోనే ఉండాలి.

ఇక డీడీ, అంటే పేరు చెప్పిన డిస్క్ మీదున్నది చెరిపేసి ఇమేజ్ రాసే కమాండ్. నా మిషన్‌లో పెన్‌డ్రైవ్ ఎస్‌డీబీ అనే పేరుతో కనపడింది, అదే రాసేశాను. రెండు డిస్కులున్న మిషన్ మీద ఒకమ్మాయి అచ్చం అలాగే కొట్టింది, అక్కడ ఆ పేరు రెండో డిస్క్‌ది. గాజువాక నుంచి రోజూ బస్సులో వచ్చి చేసుకున్న ప్రాజెక్టంతా పోయింది. కాగితం చెప్పినట్టే చేసింది పాపం, తప్పు నాది. ఇప్పటికీ తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది. ఈమధ్య మిషన్లలో లోపలి డిస్క్ ఎన్‌వీఎంఈ పేరుతో ఉండి, పెన్‌డ్రైవే ఎస్‌డీఏ అవుతోంది. అందుకని ఏ పేరూ రాయకు. ముందు డిస్కుల జాబితా చూపే ఎల్‌ఎస్‌బీఎల్‌కే కమాండ్ కొట్టించు, సైజు చూసి పెన్‌డ్రైవ్ ఏదో వాళ్లచేతే పట్టించు, కమాండ్‌లో పేరు రావాల్సిన చోట ఖాళీ గీత ఉంచు.

2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చి వెళ్లాక, కరెంటు వచ్చినా మాకు నెట్ రాలేదు. మిగతాదంతా నెట్ నుంచి దించుకునే నెట్‌ఇన్‌స్ట్ ఇమేజ్ ఎందుకూ పనికిరాలేదు. బీరువాలోని డీవీడీలతోనే మిషన్లు లేపాం. ఆ దారి కూడా రాసి, ఎస్‌హెచ్‌ఏ256 (ఫైలు చెడిపోలేదని తేల్చే చెక్‌సమ్) సరిచూసిన ఇమేజ్ ఒకటి ల్యాబ్‌లో ఉంచు.

పైన వెర్షన్, నువ్వు స్వయంగా ఎక్కించి చూసిన తేదీ వెయ్యి. తర్వాత ఫస్టియర్ కుర్రాడెవరికైనా ఇచ్చి, వెనక కూర్చుని నోరు మెదపకుండా చూడు.

అయ్యాక ఒక ప్రింటు మద్దిలపాలెం ఇంటికి పట్రా. నా పాత ల్యాప్‌టాప్ ఖాళీగానే ఉంది, దానిమీద నేనూ ఎక్కించి చూస్తాను.

మీ మావయ్య