30 ఏళ్ళు దాటిన తెరచాప పడవను సొంతంగా బాగుచేసుకోవచ్చా?

పాత పడవ చౌకగా వస్తోందనీ, రంగులు వేసి, లోపలి పరుపులు మార్చుకుంటే సముద్రం మీదికి పనికివస్తుందా అనీ అడిగారు. బాగుచేసుకోవచ్చు. అయితే రంగు డబ్బా మూత తీసే ముందు డెక్ (పడవ పైతలం) మీద మోకాళ్ళ మీద కూర్చుని, చిన్న ప్లాస్టిక్ సుత్తితో జానెడు చోటు కూడా వదలకుండా తట్టి చూడండి. నేను ఆ పని చేయకుండా మొదటి వేసవి అంతా క్యాబిన్ చెక్కపనికి వార్నిష్ వేస్తూ మురిసిపోయాను. మరుసటి ఏడాది ఆ పలకలనే ఊడదీయవలసి వచ్చింది.

ఆ కాలపు చాలా పడవల మాదిరిగానే నా పడవ డెక్ కూడా రెండు ఫైబర్‌గ్లాస్ పొరల మధ్య బాల్సా చెక్క పెట్టి చేసినది. పైనుంచి నీరు దిగనంత కాలం అది తేలికగానూ, గట్టిగానూ ఉంటుంది. మాస్టును (తెరచాప స్తంభాన్ని) పక్కల నుంచి పట్టి ఉంచే ఉక్కు తాళ్ళు తగులుకునే లోహపు పట్టీలు, అంటే చైన్‌ప్లేట్లు, డెక్ గుండా కిందికి దిగే చోట, ఒక వాన రోజున నా అడుగు కొద్దిగా కుంగినట్లు అనిపించింది. తట్టి చూస్తే, మిగతా చోట్ల టకటకమన్న డెక్ అక్కడ తడిసిన అట్టలా మొద్దుగా పలికింది. కిందికి దిగి, దగ్గరలోని రెయిలింగు బోల్టు నట్టును విప్పగానే కుళ్ళు వాసనతో గోధుమ రంగు నీళ్ళు నా మోచేతి వెంట కారాయి. అరచేయంత అనుకున్న చోటు, పైపొర కోసి చూసేసరికి తలుపంత అయింది. రెండు రోజుల పని అనుకున్నది, కుళ్ళిన చెక్కను గోకి తీసి, ఆరబెట్టి, కొత్త బాల్సాను ఎపాక్సీ అనే గట్టిపడే జిగురుతో అతికించి, పైపొర మళ్ళీ వేసేసరికి నాలుగు నెలలు పట్టింది.

దీనికంతటికీ కారణం పాత యజమాని నీరు కారకుండా ఆపుతుందని పైపైన పూసిన సిలికాన్ అనే రబ్బరు లాంటి పూత. కారుతున్న ప్రతి చోటా దానినే పూసేవారిని చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది, ఎందుకంటే అది ఒకసారి అంటుకున్న చోట తరువాత రంగుగానీ, ఎపాక్సీగానీ పట్టదు. దానికి బదులు బోల్టు రంధ్రాన్ని పెద్దదిగా తొలిచి, చిక్కటి ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక అందులోనే మళ్ళీ అసలు కొలతకు తొలిచి, బ్యూటైల్ టేపుతో (జిగట రబ్బరు పట్టీతో) బిగిస్తే, ఎప్పుడైనా నీరు దిగినా చెక్కను తాకదు.

చైన్‌ప్లేట్లను కూడా బయటికి తీసి చూడండి. స్టెయిన్‌లెస్ స్టీలు తుప్పు పట్టదన్నది సగం నిజమే: గాలి తగలని సందులో నీరు నిలిస్తే అది లోలోపల తినేస్తుంది. డెక్ పైన అద్దంలా మెరిసిన నా చైన్‌ప్లేటు, డెక్ మందంలో దాగిన భాగంలో వెంట్రుకంత సన్నగా పగిలి ఉంది. నీటిమట్టానికి దిగువన ఉన్న వాల్వులు కంచువా, మామూలు ఇత్తడివా కూడా చూసుకోండి, ఎందుకంటే ఉప్పునీటిలో ఇత్తడిలోని జింకు కరిగిపోతుంది. గీకితే గులాబీ రంగు కనిపించిన దానిని ఆ రోజే మార్చేయాలి.

అమ్మేవారు మాత్రం "కాస్త పైపని ఉందండీ, అంతే" అంటారు. పరుపుల సంగతి అడిగారు కదా, నావి ఇంకా ఆ పాతవే; కాకపోతే రెండేళ్ళుగా ఒక్కసారి కూడా తడవలేదు.